పరదేశోళ్ల గానుగ

పోయిన నెల మా తమ్ముడి కొడుకు శ్రీధర్ ఫోన్ చేశాడు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్న సంగతి నాకు తెలుసు. సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. "అత్తా, పునాది తవ్వుతుంటే ఏం దొరికిందో చెప్పు సూద్దాం" అన్నాడు, పొడుపు కథ వేసే చిన్నపిల్లాడిలా. వాడికి యాభై ఏళ్ళు. "గానుగ రోలు. బోర్లించి ఉందా?" అన్నాను. "ఔ, బోర్లిచ్చే ఉంది. నీకెట్ల తెల్సు?" ఎలా తెలుసో చెప్పకుండా, రాయి పగల్లేదు కదా అని మాట మార్చాను. పగల్లేదట. క్రేన్ పెట్టి పైకి తీయించాడట. దాన్ని కింద హాల్లో లిఫ్టు పక్కన నిలబెట్టి, పైనుంచి లైటు పడేలా చేసి, పక్కనే ఇత్తడి పలక మీద మా వంశ చరిత్ర చెక్కిస్తాడట. "నువ్వు రాసేదానివి గదా అత్తా, ఓ నాలుగు లైన్లు రాసియ్యి. హెడ్డింగ్ నేనే అనుకున్న: నమ్మకమే మా ఇంటి పేరు. మంచిగుందా?" మంచిగానే ఉందన్నాను. నాలుగు వారాలు గడిచాయి. నాలుగు లైన్లు కాదు గదా, నాలుగు మాటలు రాయలేకపోయాను. ఊళ్ళోవాళ్ళ కథలన్నీ రాసి పేజీలు నింపినదాన్ని, సొంత ఇంటి రోలు గురించి రాయమంటే చెయ్యి కదలడం లేదు. ఆ పలక మీద పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా ముత్తాత వెంకటస్వామి బందరు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చినవాడు. అది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి, ఇది నిజాం రాజ్యం. ఇప్పుడు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరుకునే ఊరే గానీ, అప్పట్లో అది పరాయి దేశం కిందే లెక్క. ఉప్పెన వచ్చి ఊరంతా ఊడ్చుకుపోయిన ఏడు, ఇల్లూ గానుగా ఎద్దూ పోయి, గానుగ రోకలి మాత్రం బురదలో దొరికితే దాన్ని ఎవరిదో బండి మీద వేసుకుని, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని బయల్దేరాడని చెప్పేవారు. గానుగ రోకలి అంటే వడ్లు దంచే రోకలి లాంటిది కాదు, పెద్ద మాను. రాతి రోట్లో నిలబెట్టి, దూలం కట్టి, ఆ దూలానికి ఎద్దును కడతారు. ఎద్దు చుట్టూ తిరుగుతుంటే రోకలి రోట్లో గింజను నలుపుతుంది, అడుగున తూములోంచి నూనె కారుతుంది. రోలు లేకుండా ఉత్త రోకలి మోసుకొచ్చినవాణ్ణి చూసి నాంపల్లిలో అందరూ నవ్వారట. ఆయన రెండేళ్ళు కూలికి పోయి, ఇక్కడి గుట్టల రాయే తొలిపించుకున్నాడు. "రోకలి బందరుది, రోలు పట్నంది. రెండూ కలిస్తెనే నూనె" అని మా తాత పండగ రోజుల్లో కొంచెం గర్వంగా అనేవాడు. మూడు తరాలు గడిచినా, మా తాతా నాన్నా నోరు తెరిస్తే అచ్చం ఈ ఊరి మాటే వచ్చినా, సందులో మా ఇంటి పేరు మాత్రం మారలేదు. చిరునామా అడిగితే "పరదేశోళ్ల గానుగ పక్కపొంటి" అనేవారు.

ఆ మాటలో ఎగతాళి లేదు. ఒకప్పుడు ఉండేదేమో గానీ, ముత్తాత నూనె దాన్ని కడిగేసింది. అబిడ్స్ బంగళాల్లో కరెంటు దీపాలు రాకముందు వెలిగింది మా ఆముదమేనని చెప్పుకునేవాళ్ళం. వంటకు నువ్వులనూనె కావాలంటే అఫ్జల్‌గంజ్ దాకా పోయే అవసరం లేకుండా చుట్టుపక్కల నాలుగు సందులవాళ్ళు మా గడపకే వచ్చేవారు. కల్తీ అన్న మాట మా ఇంట్లో బూతుమాట కింద లెక్క. మా తాత రాఘవులుకు కోపం వస్తే ఎవర్నైనా ఏమైనా అనేవాడు గానీ, ఆ ఒక్క మాట అనేవాడు కాదు.

నా చిన్నతనం అంటే నాకు మొదట గుర్తొచ్చేది చప్పుడు. రోకలి రోలుకు ఒరుసుకుని కిర్రుమని తిరుగుతూనే ఉండేది. అది ఆగితే మేం అన్నం తింటున్నవాళ్ళం తలెత్తి చూసేవాళ్ళం. ఎద్దును తోలేది కిష్టయ్య కాక. భువనగిరి వైపు పల్లె నుంచి వయసులో వచ్చి మా గానుగలో కుదిరినవాడు, మా నాన్న పెళ్ళికి పందిరి వేసినవాడు, నన్ను దూలం మీద కూర్చోబెట్టి తిప్పినవాడు. ఎద్దుతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడేవాడు కాదు. "జర నడువయ్యా, జర నడువు, గీ వాయి అయితే పండుకుందువు" అని బతిమాలేవాడు. తాత రోటి పక్కన పీట వేసుకుని, చారెడు వేడినీళ్ళు గింజల మీద చిలకరించి, నూనె విడిపోయే వేళకు చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. నూనె దిగే ముందు రోట్లో చప్పుడు మారుతుందట. నాకు ఎప్పుడూ తేడా తెలియలేదు. ఇక వాసన సంగతి. నువ్వులు నలిగే వాసన బాగుంటుంది, ఎవరైనా ఆగి పీలుస్తారు. ఆముదం అలా కాదు. అది గోడలకు పడుతుంది, బట్టలకు పడుతుంది, తల వెంట్రుకల్లో కాపురం పెడుతుంది.

మాకు ఉన్నది ఒక్కటే గానుగ. నెలంతా నువ్వులో పల్లీలో ఆడించి, నెలకొక రోజు మాత్రం ఆముదాలు ఆడించేవారు, తలకూ గుడి దీపాలకూ. నూనె తీశాక మిగిలే ఆముదం పిండిలో విషముంటుంది, పశువు తిన్నా పడిపోతుంది. అందుకని ఆ రోజు పని అయ్యాక రోటిని శుద్ధి చేయడం మా ఇంట్లో పూజ లాంటిది. ముందు కిష్టయ్య కాక ఇనుప గరిటెతో లోపల అంటుకున్న పిండి అంతా గీకి తీసేవాడు. అది పనివాడి వంతు. ఆ తర్వాత వంతు ఇంటివాళ్ళది. పెనం మీద వేయించిన వేడి తవుడు రోట్లో పోసి, చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి, అడుగున సందుల్లో, తూము మూలల్లో, తవుడు పొడిపొడిగా రాలేదాకా రుద్దాలి. ఒకసారి రుద్ది, ఎత్తి పారబోసి, మళ్ళీ కొత్త తవుడుతో ఇంకోసారి. ఇది ఇంటి మనిషే చేయాలని ముత్తాత పెట్టిన నియమం. నూనె తేడా వస్తే చెడేది మన పేరు, కాబట్టి చెయ్యీ మనదే ఉండాలన్నాడట. చేతులు సన్నగా ఉంటాయని ఆ పని ఆడవాళ్ళకు వచ్చింది. మా నాయనమ్మ ముప్పై ఏళ్ళు చేసింది.

నాయనమ్మను కూడా బందరు వైపు నుంచే తెచ్చుకున్నారు. ఆమె మాట చివరిదాకా మారలేదు. సందులో ఆడవాళ్ళు ఆమె "ఏవిటి" అంటే నవ్వుకునేవారు. ఆమె తెచ్చిన అలవాట్లలో ఒకటి తెలగపిండి. నువ్వులు ఆడాక మిగిలే పిండిని ఇక్కడివాళ్ళు పశువులకే వేసేవారు. నాయనమ్మ దాన్ని మునగాకు వేసి కూర వండేది. బాలింతలకు పాలు పడతాయని, సందులో ఎవరికి కాన్పు అయినా తాజాగా తీసిన మొదటి ముద్ద కడిగిన విస్తరాకులో పెట్టి తనే తీసుకెళ్ళి ఇచ్చేది. మొదట్లో "పశువుల దాణా తెచ్చిందమ్మా బందరామె" అని వెనక నవ్వినవాళ్ళే, తర్వాత తర్వాత కాన్పు అయిందని కబురు పెట్టేవారు, ముద్ద రాలేదేమని.

నాకు పన్నెండేళ్ళప్పుడు నన్ను గన్‌ఫౌండ్రీ వైపు ఆడపిల్లల బడిలో వేశారు. వకీళ్ళ పిల్లలు, సర్కారు నౌకర్ల పిల్లలు చదివే బడి. నా పక్కన కూర్చున్న పిల్ల మూడో రోజున బెంచీ చివరికి జరిగింది. ఎందుకు జరిగిందో నాకు వెంటనే అర్థమైంది, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు నుంచి నేను పొద్దున్నే సీకాయతో రెండుసార్లు తల రుద్దుకునేదాన్ని, తలకు నూనె పెట్టనిచ్చేదాన్ని కాదు, బట్టలు గానుగ కొట్టానికి దూరంగా ఎదురింటి గోడ మీద ఆరేసేదాన్ని. మాటిమాటికీ గోళ్ళు వాసన చూసుకునేదాన్ని. "ఏవిటే పిల్లా, గోళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నావు? ఏం దొంగతనం చేశావు?" అని నాయనమ్మ నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. మా ఇల్లంటే నాకు సిగ్గు పుట్టింది. దాన్ని ఇంకోరకంగా చెప్పడానికి లేదు. తాత పంచె మీద నూనె మరకలంటే సిగ్గు, నాయనమ్మ మాటంటే సిగ్గు, దారిలో కనపడితే "బిడ్డా" అని గట్టిగా పిలిచే కిష్టయ్య కాక అంటే మరీ సిగ్గు.

ఆ సంవత్సరమే వసుంధర అనే పిల్ల నన్ను తన పుట్టినరోజుకు పిలిచింది. వాళ్ళ నాన్న పేరున్న వకీలు. అబిడ్స్ వెనక తోటలో మేడ. క్లాసులో ఆరుగురినే పిలిచింది. అందులో నేనున్నానంటే లెక్కలు చేసి పెట్టేదాన్ని కాబట్టి. పది రోజుల ముందు నుంచే నాకు కాలు నిలవలేదు. అమ్మ తన పెళ్ళినాటి చీర కత్తిరించి లంగా కుట్టింది. సరిగ్గా అదే రోజు ఇంట్లో ఆముదాల వంతు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే నాయనమ్మ చెయ్యి వేడి నీళ్ళు పడి బొబ్బలెక్కింది. అమ్మకు ఎనిమిదో నెల, వంగలేదు. "ఈసారి నువ్వు రుద్దవే అమ్మా, సన్నచేతులు, ఎంతసేపు?" అంది నాయనమ్మ. ఆమె ఇంకో రోజు అడిగి ఉంటే నేను ఈ రాత రాసేదాన్ని కాదు.

మధ్యాహ్నం దాటాక కిష్టయ్య కాక రోలు గీకి, ఎద్దును విప్పుకుని నీళ్ళకు తోలుకుపోయాడు. తాత భోంచేసి పడుకున్నాడు. నాయనమ్మ పెనం మీద తవుడు వేయించి, చాటలో పోసి నా చేతికిచ్చి, నొప్పితో లోపలికి వెళ్ళి నడుం వాల్చింది. నేను రోటి దగ్గర నిలబడ్డాను. లోపల నుంచి ఆముదం వాసన ముఖానికి కొట్టింది. చెయ్యి అందులో పెడితే రెండు రోజుల దాకా పోదని నాకు తెలుసు. మేడ మీద తెల్లటి బట్ట పరిచిన బల్ల చుట్టూ కూర్చున్నట్టూ, నా పక్కపిల్ల కుర్చీ జరుపుకున్నట్టూ కళ్ళముందు కనపడింది. చాట తీసుకెళ్ళి పెరట్లో పారబోసే గుంటలో తవుడు ఒంపేశాను. కాసేపు ఆగి నాయనమ్మను లేపి, రెండో చాట కూడా అడిగి వేయించుకుని, అదీ ఒంపాను. రెండోసారి అడగడంలోనే ఉంది నా తెలివి అంతా. ఒక్కసారే ఒంపి ఉంటే తొందరపాటు అనుకునేదాన్ని.

ఆ సాయంత్రం వసుంధర ఇంట్లో పింగాణీ పళ్ళెంలో బిస్కెట్లు, మొజంజాహీ మార్కెట్ నుంచి తెప్పించిన ఐస్‌క్రీము పెట్టారు. ఆ మార్కెట్టు అప్పటికి కొత్తది, రాళ్ళింకా మెరుస్తుండేవి. వసుంధర తల్లి ఎంతో ఆప్యాయంగా, "మీరెక్కడివారమ్మా?" అని అడిగింది. "బందరు. మా ముత్తాతకు అక్కడ ఓడలుండేవి. ఉప్పెనలో పోయాయి" అన్నాను. ఓడలు! నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, అందరూ నా వైపు తిరిగారు. అప్పటికప్పుడు రెండు ఓడలకు పేర్లు కూడా పెట్టాను. ఎవరూ కుర్చీ జరుపుకోలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా గోళ్ళు వాసన చూసుకున్నాను, సబ్బు వాసనే వచ్చింది. ఎంత సంతోషపడ్డానో!

మర్నాడు నువ్వులు ఆడారు. తాత మామూలుగా మొదటి నూనె వేలితో నాలుక మీద వేసుకుని, బాగుందన్నట్టు తలూపాడు. నూనెలో తేడా తెలియలేదు. ఉన్నదంతా పిండిలో ఉంది. ఎదురు వరసలో రైల్వే గుమాస్తా ఇంట్లో కోడలు శాంత కాన్పయి పదిహేను రోజులైంది. నాయనమ్మ కట్టు కట్టిన చేత్తోనే మొదటి ముద్ద విస్తరాకులో పెట్టి తీసుకెళ్ళింది. నేను గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటూ ఆమె సందు దాటడం చూశాను. నిజంగానే నాకా క్షణంలో ఏమీ తోచలేదు. తవుడు సంగతి నేను అప్పటికే మర్చిపోయాను; ఓడల గురించే ఆలోచిస్తున్నాను.

సాయంత్రానికి ఆ ఇంట్లో వాంతులు మొదలయ్యాయి. శాంతకు, ఆమె అత్తకు కూడా. అత్త రెండు ముద్దలే తిన్నది కాబట్టి ఒక పూటలో తేరుకుంది. శాంతను మంచం మీదే మోసుకుని దవాఖానకు తీసుకుపోయారు. నాలుగు రోజులు మనిషి ఉంటుందో పోతుందో తెలియలేదు. సందంతా వాళ్ళ గుమ్మం ముందే ఉంది. పిల్ల ఏడుపు మా ఇంట్లోకి వినపడుతుండేది. శాంత బతికింది. పాలు మాత్రం ఇంకిపోయాయి, ఆ పిల్లను మేకపాలతో పెంచారు. శాంత అత్త మా గడప దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా, "మీరు తినే గడ్డి మీరు తినుండ్రి. మా పిల్లకెందుకు పెట్టిన్రు? ఎంతైనా పరదేశోళ్లు పరదేశోళ్లే" అని వెళ్ళిపోయింది. నాయనమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మళ్ళీ ఆమె ఎవరింటికీ ముద్ద తీసుకెళ్ళలేదు.

శాంతకు గండం గడిచిందని తెలిసిన రోజు, తాత కొట్టం దగ్గరికి అందర్నీ పిలిచాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"కిష్టయ్యా, ఆ దినం పిండి అంత తీసినవా?"

"తీసిన పెద్దయ్యా."

తాత నా వైపు తిరిగాడు. "అనసూయా, తవుడేసి రుద్దినవా బిడ్డా?"

"ఔ తాతా" అన్నాను. "రెండుసార్లు రుద్దిన."

రెండు చాటలు వేయించి ఇచ్చానని నాయనమ్మ కూడా చెప్పింది. కిష్టయ్య కాక నా ముఖం వైపు చూడను కూడా చూడలేదు. నేను అబద్ధం చెప్పవచ్చునన్న ఆలోచనే ఆయనకు రాలేదు. రోటి మీదికి వంగి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, అడుగున తడిమి, గోటితో గీకి పైకి తీశాడు. గోటి కింద నల్లగా ఏదో ఉంది. వాసన చూశాడు. ఆ వేలు తాత ముందుకు చాపాడు.

"ఆముదమే పెద్దయ్యా" అన్నాడు. "పైపైన ఉన్నదైతే బిడ్డ రుద్దుడుకే పోతుండె. రెండుమాట్ల రుద్దినా గింత పట్టుకొని ఉన్నదంటే, నేనే సరిగ తియ్యలె. నా కండ్లకు పొర వచ్చినట్టుంది. నాకే తెల్వలె. పాణం పోతుండె గా పిల్లకు, నా చేతుల."

"కండ్ల సంగతి ముందుగాలనే చెప్పొద్దా కిష్టయ్యా" అన్నాడు తాత. ఆ ఒక్క మాటే.

"నాకే తెల్వలె పెద్దయ్యా" అని మళ్ళీ అన్నాడు ఆయన. తర్వాత ఎద్దు మెడ నిమిరి, ఇనుప గరిటె కడిగి గూట్లో పెట్టి, భుజం మీద తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. పొమ్మని ఎవరూ అనలేదు. నేను ఆయన వెనకాల గుమ్మం దాకా వెళ్ళాను. సందు మలుపు దాకా చూశాను. నా నోట్లో మాట ఉంది, అది బయటికి వస్తే చాలు. అప్పుడు నాకు తాత భయం కన్నా ఎక్కువగా తోచినదేమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఇది బడిలో తెలిస్తే ఓడల సంగతి అబద్ధమని కూడా తెలిసిపోతుంది కదా అనుకున్నాను.

మనుషులు మెల్లగా మళ్ళీ నూనెకు వచ్చేవారేమో. తాత ఆగలేదు. వారం తర్వాత ఎద్దును అమ్మేసి, మనుషుల్ని పిలిపించి పెరట్లో గొయ్యి తీయించి, ముత్తాత తొలిపించిన రోలును బోర్లించి పూడ్పించాడు. రోకలిని చీల్చి వంటచెరుకు చేశారు. "ఇంకో మనిషిని పెట్టుకుందాం నాయినా" అని మా నాన్న అంటే, "వాడు లేని గానుగ నాకెందుకురా" అన్నాడు. నాన్న గుమాస్తా పనికి పోయాడు. తాత పొద్దున్నే లేచి కొట్టంలో ఖాళీగా పీట వేసుకుని కూర్చునేవాడు, చెవి ఒక పక్కకు వంచి. రెండేళ్ళకు పోయాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఈ కథ ఒకే తీరుగా చెప్పుకున్నారు: కిష్టయ్యకు చూపు ఆనలేదు, గానుగ ఆగిపోయింది. నేనూ అలాగే చెప్పాను. మా ఆయనకు చెప్పాను, నా పిల్లలకు చెప్పాను, ఒకసారి పత్రికలో కూడా రాశాను, మంచి వ్యాసమని ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడు నూనె ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. అది ఎవరు ఆడించారో, ఎవరు రోలు శుద్ధి చేశారో నాకు తెలియదు, నేను వాళ్ళకు తెలియను. తేడా వస్తే ఎవరి గోటి కిందా కనపడదు. ఆ రోజుల్లో నమ్మకం ఉండేది అని నా వయసువాళ్ళు అంటుంటే నేను మాట కలపను. ఉండేది, నిజమే. ఎంతుండేదంటే, పన్నెండేళ్ళ పిల్ల రెండు ముక్కలు చెబితే ఒక మనిషి తన కళ్ళనే అనుమానించుకునేంత. శ్రీధర్‌కు ఈ కాగితాలు పంపిస్తాను. పలక మీద ఏం చెక్కించుకుంటాడో వాడి ఇష్టం.

ఇంతవరకు రాసింది చిన్నపిల్ల చేసిన పని. చిన్నతనం అని ఎవరైనా అనవచ్చు, నేనూ చాలాసార్లు అనుకున్నాను. మిగిలినది ఇరవై ఏళ్ళ మనిషి చేసింది. అప్పటికి నేను చదువు ముగించి, ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నిజం చెప్పాలి అని పిల్లలకు చెప్పే ఉద్యోగం. ఒకరోజు ఇక ఉండబట్టలేక, కిష్టయ్య కాక ఎక్కడున్నాడో వాకబు చేసి అఫ్జల్‌గంజ్‌కు వెళ్ళాను. గిడ్డంగుల వెనక సందులో గోనెసంచులు కుట్టే పని చేస్తున్నాడని చెప్పారు. దారంతా చెప్పవలసిన మాట మనసులో వల్లె వేసుకున్నాను: కాకా, తవుడు నేను రుద్దలేదు. నాలుగే మాటలు. రోడ్డుకు ఇవతల నేనింకా ఇల్లు వెతుక్కుంటుండగానే, అవతల అరుగు మీద నుంచి "అనసూయమ్మా!" అని కేక వినపడింది. బండ్లూ మనుషులూ నిండిన రోడ్డుకు ఆ పక్క నుంచి, ఎనిమిదేళ్ళు చూడని పిల్లను ఆయన గుర్తుపట్టాడు.

నన్ను గోనె మీద కూర్చోబెట్టాడు. భార్యను చాయ్ పెట్టమన్నాడు. చేతిలో పని ఆపకుండానే అమ్మ ఎట్లుంది, తమ్ముడేం చదువుతున్నాడు అని అడిగాడు. దారం అయిపోతే ఇంకొకటి తీసి, దబ్బనం బెజ్జంలో ఒక్క ఊపున ఎక్కించాడు. నేను ఆ చేతుల వైపే చూస్తున్నాను. ఆ కళ్ళకు ఏ పొరా లేదు, ఎప్పుడూ రాలేదు. మళ్ళీ గానుగలో ఎక్కడైనా కుదరలేదా కాకా అని అడిగాను. "వద్దు బిడ్డా. తినేదాని జోలికి పోనని ఒట్టు పెట్టుకున్న. సంచి సరిగ కుట్టకపోతే గింజలు కారుతయ్ గంతే, పాణాలు పోవు" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఆయన దబ్బనం కింద పెట్టి, గొంతు తగ్గించి, నాకన్నా ముందే అడిగాడు.

"పెద్దయ్య పోయిన్రని తెలిసింది. రానీకె మొకం చెల్లలె. పోయేటప్పుడు నా ముచ్చటేమన్న తీసిన్రా బిడ్డా? నన్ను మాఫ్ చేసిన్రా?"

ఆ నాలుగు మాటలు నా నాలుక మీదే ఉన్నాయి. ఆయన ముఖం చూశాను. ఎనిమిదేళ్ళు ఆ ఒక్క జవాబు కోసం కూర్చున్న ముఖం. అది చూసి జాలి పడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలి కాదు. అంత సులువైన దారి నా ముందుకు ఆయనే తెచ్చి పెడితే తొక్కాను, అంతే.

"చేసిండు కాకా" అన్నాను. "కిష్టయ్య మీద నాకేం కోపం లేదని చెప్పిండు."

"ఏమేవ్, విన్నవా, పెద్దయ్య మాఫ్ చేసిండంట!" అని లోపలికి కేక వేశాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అరుగు దిగి నా ముందు వంగాడు. "పెద్దయ్య లేడు. ఆయన బదులు నువ్వే" అంటూ రెండు చేతులతో నా పాదాలు అంటి కళ్ళకు అద్దుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి.

నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.